ఇంజను జంక్షన్ ఎవరి చార్జిలో ఉంది

రోడ్ల ఇంజనీరు ఉద్యోగం అంటే రోడ్లు వెయ్యడం అనుకుని చేరతారు. నేనూ అలాగే చేరాను. కంకర, తారు, వాలు, వంపు, ఇవన్నీ కాలేజీలో చెబుతారు, బాగానే చెబుతారు. మొత్తం ఉద్యోగంలో తేలిక భాగం అదేనని మాత్రం ఎవరూ చెప్పరు. రోడ్డుకి అడ్డంగా ఉన్నదాన్ని తియ్యడమే అసలు పని. గుడి మెట్టు, బడ్డీ కొట్టు, నీళ్ళ కుళాయి, ఎవరి తాతదో సమాధి. నేను వేయించినవాటి కంటే తీయించినవే ఎక్కువ. తీయించిన ప్రతిదాని పక్కనా ఒక మనిషి నిలబడి వాదిస్తూ ఉంటారు. నాకు వాదన అంటే సరదా కాబట్టి ఇన్నాళ్ళు నెగ్గుకొచ్చాను. ఆ సరదా కూడా చివరికి అయిపోయింది.

మోకాళ్ళు అరిగాయి. ఓపిక అంతకంటే ముందే అరిగింది. యాభై దాటాక, ఇంకా సర్వీసు ఉండగానే రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఫోను చేసి, "మేడమ్, ఫీల్డుకి వెళ్తున్నాను, ఏమైనా జాగ్రత్తలు చెప్పండి" అంది. టోపీ పెట్టుకో, నీళ్ళ సీసా పట్టుకెళ్ళు, దగ్గర్లో ఎవరి ఇంట్లో మరుగుదొడ్డి వాడుకోనిస్తారో ముందే కనుక్కో అని చెప్పాను. మూడోదే అన్నిటికంటే ముఖ్యం, అది మగ ఇంజనీర్లు ఎవరూ మీకు చెప్పరు. కానీ ఫోను పెట్టేశాక అది సరిపోదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, బిల్లుల గురించి రాయను. అవి మీరే నేర్చుకుంటారు, అక్కర్లేనంత నేర్చుకుంటారు. నేను రాసేది రోడ్డు పక్కన ఆగిపోయిన ఒక రోడ్డు రోలరు గురించి.

కదలని ఇంజను

విజయనగరంలో బస్సెక్కి నెల్లిమర్ల దాటి ముందుకు పోతే, ఒకచోట కండక్టరు "ఇంజను! ఇంజను దిగీవోళ్ళు రండి!" అని అరుస్తాడు. ఆ ఊరికి వేరే పేరుంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది, మేమే రాయించాం. ఆ పేరు చెప్పి టిక్కెట్టు అడిగితే కండక్టరు కాసేపు మన మొహం చూసి, "ఇంజనేటి?" అని అడిగి మరీ ఇస్తాడు.

ఇంజను అంటే పాతకాలపు డీజిలు రోలరు. ముందు ఒక పెద్ద డ్రమ్ము, వెనక మనిషి ఛాతీ ఎత్తున రెండు ఇనప చక్రాలు, పైన వాన నీరు కారే రేకు కప్పు. ఏ రోడ్డు చదును చెయ్యడానికి వచ్చిందో ఆ రోడ్డు పక్కనే ఆగిపోయింది. నేను ఆ సబ్‌డివిజన్‌కి వెళ్ళేసరికే ఊళ్ళో సగంమంది దానికంటే చిన్నవాళ్ళు. దాని పేరుతో టిఫిను హోటలు, సైకిలు షాపు, బట్టల కొట్టు ఉన్నాయి. "ఇంజను దగ్గరకి రా" అంటే ఊరి మధ్యకి రమ్మని అర్థం.

ఇంతవరకు అయితే చాలా ఊళ్ళలో ఏదో ఒకటి ఉంటుంది. ఈ ఇంజనుకి ఇంకో పని కూడా ఉంది. నడక ఆలస్యమైన పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దీని దగ్గరకి తెస్తారు. వెనక చక్రానికి బండి చక్రంలా ఇనప కమ్మీలుంటాయి. పిల్లాడి చేతులు ఆ కమ్మీలకి అందించి, ఒకదాని తర్వాత ఒకటి పట్టిస్తూ అటు నుంచి ఇటు నడిపిస్తారు. పొద్దున్నే చెయ్యాలి, ఎండెక్కితే ఇనుము కాలుతుంది. చక్రాలకి ఎప్పుడూ జిడ్డు నూనె రాసి ఉంటుంది కాబట్టి పిల్లాడి అరచేతులు నల్లబడతాయి. ఆ నలుపు తీసి బుగ్గ మీద చుక్క పెడితే దిష్టి కూడా పోతుందట.

మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేకపోయాను. ఒక ముసలామె మనవణ్ణి చక్రానికి ఆనించి, "అడుగెయ్యరా, నా తండ్రీ, అడుగెయ్యి" అంటోంది. వాడు ఏడుస్తున్నాడు.

"ఏమమ్మా, ఇది కదిలి ఎన్నేళ్ళయిందో తెలుసా? తనే కదలనిది నీ మనవడికి నడకేం నేర్పుతుంది?" అన్నాను.

ఆవిడ నా వైపు తిరగను కూడా తిరగలేదు. "కదిలిపోయేదాన్ని అట్టుకుంటే గుంటడు పడిపోడేటమ్మా? కదలందే గావాల" అంది.

ఇక ఇంజను అక్కడ ఎందుకు ఆగింది అంటే, ఒక్కొక్కరు ఒక్కో కథ. రోడ్డుకి ఆ పక్కనున్న రైతుల కథ ప్రకారం, అమ్మవారి ఊరేగింపు వస్తుంటే డ్రైవరు దారివ్వలేదట, అమ్మవారు ఇంజనుని అక్కడే కట్టేసిందట. ఈ పక్క కొట్లవాళ్ళ కథ ప్రకారం, వాళ్ళ తాతలు ఊరికి రోడ్డు కావాలని పట్టుబట్టి ఇంజనుని తెప్పించారట, వాళ్ళ గౌరవార్థం అది ఉండిపోయిందట. గౌరవార్థం ఇంజన్లు ఉండిపోవని చెబితే వాళ్ళు నొచ్చుకున్నారు. మా ఆఫీసులో మాత్రం ఏ కథా లేదు. అంత పెద్ద వస్తువు గురించి మా వాళ్ళెవరికీ ఏమీ తెలియదు. మా శాఖలో వస్తువు ఎంత పెద్దదైతే అంత తేలిగ్గా మరిచిపోతారు.

కారు దిగనివారు

భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలయ్యాక గ్రావెలు లారీలు మా రోడ్ల మీద పడ్డాయి. రోడ్డు వెడల్పు చెయ్యమని పైనుంచి మాట వచ్చింది. ఇంజను నిలబడ్డ చోటు, దాని పక్కనున్న టీ బడ్డీ, రెండూ కొత్త రోడ్డులోకి వస్తాయి.

నేను ఇద్దరు పెద్దాఫీసర్ల గురించి చెబుతాను. తక్కినవాళ్ళంతా వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరిలా ఉంటారు.

మొదటాయన నేను కొత్తగా చేరినప్పటి బాసు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవారు. ఏ కొట్టు తీయించాలన్నా ముందు ఆ కొట్లోనే కూర్చుని టీ తాగేవారు. తాగి, డబ్బులిచ్చి, అప్పుడు చెప్పేవారు. "తీసేస్తామని చెప్పేటప్పుడు మనం నిలబడి, వాళ్ళు కూర్చుని ఉండకూడదమ్మా. ఇద్దరూ కూర్చోవాలి" అనేవారు. దానివల్ల కొట్టు మిగలదు. తిట్లు కూడా తగ్గవు. కానీ తిట్టేవాళ్ళకి మన మొహం గుర్తుంటుంది, మనకి వాళ్ళ మొహం గుర్తుంటుంది. నా సర్వీసంతా ఆ అలవాటు వదల్లేదు. దానివల్లే నాకు కడుపులో మంట పట్టుకుందని డాక్టరు అంటాడు.

రెండో ఆయన ఈ వెడల్పు పనప్పటి పెద్దాయన. కారు దిగేవారు కాదు. అద్దం సగం దించి, "ఆ తుక్కేమిటి? గ్యాస్ కట్టర్ పెట్టి కోయించి పారేయండి. రేపు పెద్దవాళ్ళు ఈ దారిన వస్తే నవ్విపోతారు" అన్నారు.

"సార్, అది శాఖ ఆస్తి. ఇష్టం వచ్చినట్టు కోస్తే రేపు ఆడిట్‌లో నన్ను కోస్తారు. పైగా ఊరు ఒప్పుకోదు" అన్నాను.

"ఊరు ఒప్పుకోవడం ఏమిటండీ? మీరెప్పుడూ ఇంతే. సరే, ఎక్కడికో అక్కడికి జరిపించండి. మీరే చూసుకోండి." అద్దం పైకి వెళ్ళిపోయింది.

ఇది గుర్తుంచుకోండి. ఆఫీసులో వాదించి నెగ్గితే బహుమతి ఏమిటంటే, ఆ పని మన నెత్తిన పడుతుంది. అది చూసే మా బ్యాచిలో చాలామంది మాట్లాడ్డం మానేశారు. నేను మానలేకపోయాను. అదేమీ గొప్ప కాదు, నోరు అలాంటిది.

సగం పంచదార

టీ బడ్డీ పైడమ్మది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది కావచ్చు. సన్నటి మనిషి, గొంతు మాత్రం రోడ్డుకి అవతల ఉన్న బస్సుని ఆపేలా ఉంటుంది. నేను వెళ్ళి బల్ల మీద కూర్చోగానే, గిన్నె పొయ్యి మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఇంజినీరమ్మా, టీ తాగడానికొచ్చినావా, కొట్టు తీయించడానికొచ్చినావా? ముందు సెప్పు. తీయించడానికైతే పంచదార ఎయ్యను."

"రెండిటికీ వచ్చాను."

"అలగైతే సగమేస్తాను."

వేసింది. తాగాను. డబ్బులిచ్చాను. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"కొట్టుకేటి, నాలుగు కర్రలూ ఓ టార్పాలినూ. ఇక్కడ కాకపోతే ఇంకోకాడ ఎడతాను. ఇంజను మాటేటి?"

"ఇంజనుతో నీకేం పని?"

"నాకేటి పని నేదు. మా అయ్య డూటీలో ఉన్నాడు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఇంజను డ్రైవరు వాళ్ళ నాన్న అప్పలస్వామి. రోడ్డు పనిలో ఉండగా ఇంజను లోపల ఏదో విరిగింది. అప్పటి ఆఫీసరు వచ్చి చూసి, "సామాను తెప్పిస్తాను. అంతవరకు ఇక్కడే ఉండు. ఇంజను నీ చార్జి" అని చెప్పి వెళ్ళాడు. సామాను రాలేదు. ఆఫీసరుకి బదిలీ అయింది. తర్వాత వచ్చినవాళ్ళకి సంగతి తెలియదు. కొన్నాళ్ళకి అప్పలస్వామిని వేరే పనికి రమ్మని కబురు పంపారు. "వస్తాను, ఇంజను చార్జి ఎవరికియ్యాలి?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. అతను వెళ్ళలేదు. శాఖ అతన్ని వదిలేసింది, అతను ఇంజనుని వదల్లేదు. పక్కన టీ పొయ్యి పెట్టుకుని, రోజూ చక్రాలు తుడుస్తూ, తుప్పు పట్టకుండా నూనె రాస్తూ బతికేశాడు. బస్సు కోసం నిలబడ్డ ఒకామె చంకలో నడవని పిల్ల ఉంటే, ఊరికే ఉండలేక ఆ పిల్ల చేతులు చక్రానికి పట్టించింది కూడా అతనేనట. ఆ పిల్ల ఆ నెలలోనే నడిచిందట. నడిచే వయసు వచ్చే ఉంటుంది, నడిచింది. ఆచారాలు అలాగే పుడతాయి.

మీలో ఉద్యోగానికి కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. చార్జి అంటే, మన చేతికింద ఉన్నదాన్ని మన తర్వాత వచ్చేవాళ్ళకి ఒప్పగించేదాకా అది మన బాధ్యతే. మేం ఇంజనీర్లం సగం వేసిన కల్వర్టుని సంతోషంగా ఒప్పగించేసి, కొత్త ఊరికి సామాను సర్దుకుంటాం. రోజు కూలి మీద పనిచేసిన అప్పలస్వామి ఆ మాటని ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నాడు.

దీన్ని నేను గొప్ప విషయంగా రాయడం లేదు. అది మొండితనం. పెళ్ళాం పిల్లలున్నవాడు చెయ్యకూడని మొండితనం. ఆ మాటే పైడమ్మతో అన్నాను కూడా.

పైడమ్మ గిన్నె కింద పెట్టింది. "నువ్వు సెప్పాలేటి? మాయమ్మ ఊరోలందరి మళ్ళల్లో కలుపు తీసి మమ్మల్ని పెంచినాది. మా అయ్య ఇంజను కాడ కూకుని సక్రాలు తుడిసినాడు. ఆడి మీద నాకు కోపం నేదనుకుంతన్నావేటి?"

"కోపముంటే మరి ఇదంతా ఎందుకు? నీ దారిన నువ్వు పోవచ్చు కదా."

"పోతానని సెప్పినాను కాదా, ఆడు సచ్చేముందు? సెయ్యట్టుకుని, 'సార్జి ఎవురికైనా ఇచ్చీసి ఎల్లవే' అన్నాడు. అప్పట్నించీ ఎవురొస్తారాని సూస్తన్నాను. కోపముంది కాబట్టే సెప్తన్నాను, ఆణ్ణి డూటీ దించీండి."

అని, టార్పాలిను మూలకి గాలికి లేవకుండా వేలాడదీసిన ఒక ఇనప కడ్డీని విప్పి నా ముందు బల్ల మీద పడేసింది. రెండు వంకీలు తిరిగిన హ్యాండిలు. ఇంజను స్టార్టు చెయ్యడానికి ముందు వైపు దూర్చి తిప్పే హ్యాండిలు. పిడి నున్నగా అరిగి ఉంది.

"నాకు డబ్బొద్దు. కాయితమొద్దు. మీ ఆపీసోలు ఎవురో ఒకరు నోరిప్పి, సార్జి తీసుకున్నాం, నువ్వెల్లు అని మా అయ్యకి సెప్పాల. అప్పుడు ఏ క్రేనన్నా తెచ్చుకో. అంతదాకా ఇంజను మీద సెయ్యేస్తే, ఇదే హ్యాండిల్తో కాళ్ళిరగ్గొడతాను. నువ్వైనా సరే."

ఆఫీసుకి వచ్చి పెద్దాయనకి చెప్పాను. నవ్వారు. "పోయినవాడి దగ్గర చార్జి తీసుకోవడమా? మీరు ఇంజనీరేనా? ఆ హ్యాండిలు కూడా కంట్రాక్టరుకి ఇచ్చేయండి, తుక్కులో కలిపేస్తాడు" అన్నారు. తప్పు మాటేమీ కాదు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆయన ఆ బల్ల మీద కూర్చోలేదు.

కామేశం గద్దె

ఇంజనుని ఎక్కడికి జరపాలి అన్న తగువు ఇంకోటి. రైతులు వచ్చి, అమ్మవారు ఆపిన చోటుకి దగ్గర్లోనే, తమ పక్కనే ఉండాలన్నారు. "మంచిది, ఎవరి పొలంలో పెట్టమంటారు?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భక్తి ఉంది, సెంటు భూమి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

సిమెంటు, ఇనుము అమ్మే కామేశ్వరరావు, ఊళ్ళో కామేశం అంటారు, నేరుగా మా ఆఫీసుకి వచ్చాడు. "మేడమ్ గారూ, మా షాపు పక్క స్థలంలో పెట్టించండి. గద్దె నేను కట్టిస్తాను. చుట్టూ గ్రిల్లు, పైన లైటు, వెండి రంగు. ఊరికి అందంగా ఉంటుంది."

"నీ షాపుకి అందంగా ఉంటుంది."

"రెండూ ఒకటేగా అండీ" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ ఆ చక్రం పట్టుకునే నడిచానండి. మా అమ్మ చెప్పేది" అన్నాడు.

"మరి గ్రిల్లు ఎందుకు? పిల్లలు ఎలా పట్టుకుంటారు?"

"పవిత్రమైనది కదండీ. అందరూ ముట్టుకుంటే ఎలాగ?"

ఇది కూడా నేర్చుకోవలసిందే. ఒక వస్తువుని పాడుచేసేవాళ్ళ నుంచి కాపాడ్డం తేలిక. గౌరవించేవాళ్ళ నుంచి కాపాడ్డం కష్టం. అయినా కామేశానికే ఒప్పుకున్నాను. మన ఉద్యోగంలో మంచి పరిష్కారం అని ఒకటి పైనుంచి దిగిరాదు. ఎవరు స్థలమిచ్చి, కూలీలకి అన్నం పెడతారో ఆ వస్తువు వాళ్ళ ముంగిట్లోకి పోతుంది. ఇలా కాదని మీకు ఎవరైనా ట్రైనింగ్‌లో చెబితే, వాళ్ళు ఎప్పుడైనా ఏదైనా జరిపారేమో అడగండి.

క్రేను వచ్చిన రోజు

పొద్దున్నే క్రేను తెప్పించాను. అప్పటికే జనం. బస్సులు ఆగిపోయాయి. నెల్లిమర్ల జూటు మిల్లు షిఫ్టుకి పోయేవాళ్ళు సైకిళ్ళ మీద ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డారు. పెద్దాయన కారు కూడా వచ్చింది, అద్దాలు మూసుకుని.

పైడమ్మ ఇంజను ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఒళ్ళో హ్యాండిలు.

కంట్రాక్టరు నా పక్కకి వచ్చి, "మేడమ్, పోలీసులకి ఫోను కొట్టనా?" అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో" అని ముందుకెళ్ళాను. ఎక్కుదామంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు. కింద నిలబడే తలెత్తి, "పైడమ్మా, దిగు" అన్నాను.

"సెప్పాల్సింది సెప్పు, దిగుతాను."

ఎంతమంది కంట్రాక్టర్లనో, ఎమ్మెల్యే మనుషులనో, మా ఆఫీసర్లనో నోటితోనే నిలబెట్టినదాన్ని. నాకు ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. రేపు ఆఫీసంతా నన్ను చూసి నవ్వుతుంది. ఎలాగో గబగబా, "సరే, చార్జి తీసుకున్నాం. దిగు" అనేశాను.

"ఎవురికి సెప్తన్నావు? నాకెందుకూ? ఆడికి సెప్పు." హ్యాండిలుతో చూపించింది. వెనక చక్రం పక్కన కొంచెం నేల, కాళ్ళు చాపుకుని కూర్చుంటే సరిపడేంత నేల, నున్నగా ఉంది. అప్పలస్వామి కూర్చునే చోటట.

ఆ నేల వైపు తిరిగాను. "అప్పలస్వామి గారూ..."

"గారేటి!" పైనుంచి అరిచింది పైడమ్మ. "మా అయ్యని ఎవుడూ గారనలేదు. ఇనపడినా ఇంకెవుర్నో అనుకుంటాడు. పేరెట్టి పిలు."

జనంలో ఎవరో నవ్వారు. తర్వాత ఆగిపోయారు.

"అప్పలస్వామీ!" అన్నాను, ఈసారి గట్టిగా. "ఇంజను చార్జి నేను తీసుకున్నాను. నీ డ్యూటీ అయిపోయింది. ఇంటికెళ్ళు."

పైడమ్మ ఆ నేల వైపే చూస్తూ కూర్చుంది, ఎవరో లేచి, పంచె దులుపుకుని వెళ్తుంటే చూస్తున్నట్టు. తర్వాత దిగింది. హ్యాండిలు నా రెండు చేతుల్లో పెట్టింది. అంత బరువుంటుందనుకోలేదు, చేతులు కిందకి జారాయి.

"బరువే" అంది. "రా, టీ ఎడతాను. పంచదార నిండా ఏస్తాను."

టీ తాగుతుండగా క్రేను ఇంజనుని లేపింది. డ్రమ్ము కింద ఆనాటి రోడ్డు అంచు, వేసిన రోజు ఎలా ఉందో అలాగే నల్లగా, చదునుగా బయటపడింది. నా సర్వీసంతటిలో నేను చూసిన గుంతలేని రోడ్డు ముక్క అదొక్కటే. మధ్యాహ్నానికి దాన్నీ తవ్వేశాం.

ఇప్పుడు

కామేశం అన్నట్టే గద్దె కట్టించాడు. వెండి రంగు వేయించాడు, గ్రిల్లు పెట్టించి తాళం వేశాడు. వారం తిరక్కుండా గ్రిల్లు చువ్వ ఒకటి వంగింది. ఒక ఆడమనిషి పిల్లాణ్ణి చంకనేసుకుని పక్కకి తిరిగి దూరేంత వంగింది. కామేశం నాకు ఫిర్యాదు చేశాడు. పరిశీలిస్తామన్నాను. పరిశీలించడంలో మా శాఖకి ఉన్న నిదానాన్ని నేను జీవితంలో మొదటిసారి ఇష్టంగా వాడుకున్నది అప్పుడే. ఇప్పుడు నడక రాని పిల్లలు అక్కణ్ణుంచి వెండి రంగు అరచేతులతో తిరిగి వస్తున్నారు. చుక్క కూడా వెండిదే పెడుతున్నారు. కండక్టర్లు మాత్రం పాత చోటే బస్సు ఆపి, ఏమీ లేని రోడ్డు పక్కన నిలబడి "ఇంజను! ఇంజను!" అని అరుస్తున్నారు. కొత్త బస్సు షెల్టరు గద్దె పక్కన కట్టాం. అందులో మేకలు ఉంటున్నాయి.

పైడమ్మ కొత్త చోట బడ్డీ పెట్టలేదు. నేను స్థలం కూడా చూసి ఉంచాను. "ఎందుకూ? డూటీ దిగిపోనాం కాదా" అని, కూతురి దగ్గరకి కొత్తవలస వెళ్ళిపోయింది. స్టేషను బయట టీ కొట్టు పెట్టిందని విన్నాను. ఒకసారి ఫోనులో అడిగితే, "ఇక్కడ ఇంజన్లు కదులుతాయమ్మా. వస్తాయి, ఎల్లిపోతాయి. సూడ్డానికి బాగుంటాది" అంది.

నేను ఉద్యోగం వదిలిన రోజు అన్నీ ఒప్పగించాను. జీపు, తాళాలు, కొలత టేపులు, సగంలో ఉన్న పనులు. చివర్న హ్యాండిలు తీసి నా తర్వాత వచ్చిన కుర్రాడి బల్ల మీద పెట్టి, సంగతి చెప్పాను. మర్యాదగానే విన్నాడు. "ఇది మన ఐటమ్స్‌లో లేదు కదా మేడమ్. మీరే జ్ఞాపకంగా ఉంచుకోండి" అన్నాడు. పాపం, మంచివాడే. నేను కూడా ఆ వయసులో అదే అనేదాన్ని.

జ్ఞాపకంగా ఉంచుకోవడానికి నాకు ఇంట్లో చోటు లేదు. అది వీధి గుమ్మం తలుపు వెనక ఉంది. తలుపు తీసినప్పుడల్లా గోడకి కొట్టుకుని చప్పుడవుతుంది. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు కొంచెం నూనె రాస్తాను. ఎందుకు రాస్తున్నానో నన్ను నేనే తిట్టుకుంటూ రాస్తాను. ఎండాకాలం పొద్దున్న ఎవరైనా ఆ చక్రం చల్లబడేలా చెంబుడు నీళ్ళు పోస్తున్నారో లేదో, పిల్లల చేతులు కాలుతున్నాయేమో అనిపిస్తుంది. అనిపించకూడదు. నేను రిటైరయ్యాను.

అందుకని ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఆ సబ్‌డివిజన్‌కి పోస్టింగు వస్తే, జాయినైన వారంలోపు మా ఇంటికి రండి. అడ్రసు ఆఫీసులో ఎవరైనా చెబుతారు, ఆ నోరున్నావిడ ఇల్లు అంటే చాలు. టీ ఇస్తాను. హ్యాండిలు చూపిస్తాను. రెండు చేతులతో పట్టుకోండి. పట్టుకున్నాక, సర్వీసంతా అందరూ నన్ను పిలిచినట్టు మేడమ్ అని మాత్రం అనొద్దు. వినపడినా ఇంకెవర్నో అనుకుంటాను. నా పేరు పెట్టి పిలిచి చెప్పండి.